శిరీష అంటే ఒట్టి పువ్వేనా?

‘శిరీష: ఒక పువ్వు, సుకుమారి.’

పిల్లల పేర్ల పుస్తకాల్లో ఈ పేరుకి ఇచ్చే అర్థం దాదాపు ఇంతే. బస్‌స్టాండు కొట్లో వ్రతకథలకీ వంటల పుస్తకాలకీ మధ్య వేలాడుతుంటాయే, ఆ పుస్తకాల సంగతే నేను చెప్పేది. వందల పేర్లు, ఒక్కోదానికీ ఓ ముక్క అర్థం. కొనేవాళ్ళకి అంతకంటే తీరికా ఉండదు. బారసాల ఎల్లుండి. నక్షత్రానికి కుదిరిన అక్షరం కావాలి, తాతగారికి నచ్చాలి, నాయనమ్మకి నోరు తిరగాలి. ఇన్నీ కుదిరిన పేరుకి అర్థం ‘పువ్వు’ అని ఉంటే ఇంక అడ్డేముంది? అందరూ ఒప్పేసుకుంటారు. పువ్వుని కాదనేవాళ్ళెవరు?

నేనూ కాదనను. కానీ కాస్త ఆగమంటాను. ఏ పువ్వు? దాన్ని సుకుమారమన్నదెవరు? ఎప్పుడన్నారు, ఏ సందర్భంలో అన్నారు? ఇవన్నీ అడిగి చూస్తే గానీ ఆ ఒక్క ముక్క అర్థం ఎంత చాలీచాలని అర్థమో తెలియదు.

ఎందుకొచ్చిన తంటా అంటారా? నాకు బాగా తెలిసిన ఒక శిరీష ఉంది. ‘పేరుకి తగ్గట్టే ఉన్నావమ్మా’ అన్న మాట ఆ పిల్ల బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వింటూనే ఉంది. నీళ్ళబిందె ఎత్తబోతే, ‘నువ్వొద్దులే, శిరీషవి గదా’ అనేవారు. పై చదువుకి ఊరు దాటి వెళ్తానంటే, ‘ఆ పేరు పెట్టుకున్నది అంత దూరం పంపడానికా?’ అన్నారు. ముద్దుకే అన్నారు, నిష్ఠూరానికి కాదు. అయినా ముద్దుమాట కూడా రోజూ వింటే కంచె అయి కూర్చుంటుంది. ‘ఇంతకీ ఆ పువ్వు ఎలా ఉంటుంది పిన్నీ? పేరు పెట్టినవాళ్ళు కూడా చూడలేదుట’ అని ఓనాడు నన్నడిగింది. న్యాయమైన ప్రశ్నే గదా!

పువ్వు దగ్గరికి వెళ్ళేముందు పేరు సంగతి చూద్దాం. పేరుగా శిరీష అంత పాతదేం కాదు. మన అమ్మమ్మల తరంలో సుబ్బమ్మ, వెంకమ్మ, మంగమ్మ, కనకమ్మ. దేవుడి పేరో, తాతమ్మ పేరో, చివర ఓ ‘అమ్మ’. ఆ తర్వాతి తరంలో ‘అమ్మ’ జారిపోయి కమల, విమల, సుశీల, సరోజిని వచ్చారు. ఆ తర్వాత శైలజలు, శిరీషలు, స్వప్నలు, స్రవంతులు. బడిలో హాజరుపట్టీ చదివే పంతులమ్మగారికి పేర్లు విని పిల్లల వయసు చెప్పడం పెద్ద కష్టం కాదు.

మాట మాత్రం చాలా పాతది. అమరకోశంలో చెట్లూ చేమల పేర్లు చెప్పే వర్గంలోనే శిరీషం ఉంది, కపీతనం, భండిలం అనే మారుపేర్లతో సహా. సంస్కృతంలో ఆ చెట్టు పేరు పుంలింగం, పువ్వు పేరు నపుంసకలింగం. ఆడపిల్లకి ఎలా అతికిందీ మరి? ఇది తెలుగు చేసిన చమత్కారం. శిరీషము అనే మాటలో ‘ము’ తీసేస్తే శిరీష. సీత, రమ, లతల మాదిరిగానే ‘అ’కారంతో ఆగింది, అంచేత మన చెవికి ఆడపిల్ల పేరైపోయింది. కమలము కమల అయింది ఇలాగే, కుసుమము కుసుమ అయిందీ ఇలాగే. వ్యాకరణంతో ఎవరికీ పని పడలేదు. అమ్మ పిలిచింది, పిల్ల పలికింది, అంతే!

దీన్ని ‘సిరి’తో ముడిపెట్టి లక్ష్మీదేవి పేరని చెప్పేవాళ్ళూ ఉన్నారు. పిలుపులో ‘శ’, ‘ష’ రెండూ కరిగిపోయి ‘సిరీస’ అయ్యాక ఆ పొరపాటు సహజమే. వినడానికి బాగానే ఉంటుంది గానీ సిరికీ శిరీషకీ చుట్టరికం లేదు. సంస్కృత నిఘంటువులు ఈ మాటని ‘శౄ’ అనే ధాతువునుంచి సాధిస్తాయి. విరగడం, చెదరడం దాని అర్థాలు. అంటే మాట పుట్టుకలోనే ‘ముట్టుకుంటే చెదిరేది’ అనే భావం పెట్టారు పండితులు. పేర్ల పుస్తకం వాళ్ళకి ‘సుకుమారి’ అన్న మాట గాలిలోంచి రాలేదన్నమాట.

ఇక అసలు విచిత్రం ఏమిటంటే, ఈ శిరీషానికి మన తెలుగులో చక్కని పేరుంది. దిరిసెన. దిరిసెన చెట్టు, దిరిసెన పువ్వు. మనింట్లో పాపకి ‘దిరిసెన’ అని పేరు పెట్టమనండి, నవ్వుతారు. అదే పువ్వు సంస్కృతంలో ఉంటే ముద్దు, తెలుగులో ఉంటే మోటు! పద్మ అంటాం, తామర అని పిలవం. కేతకి అంటే కవిత్వం, మొగలి అంటే పొద. ఈమధ్య వెన్నెల అని పేరు పెట్టుకుంటున్నవాళ్ళని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. చంద్రికని దాటి వెన్నెల దాకా వచ్చాం. దిరిసెన దాకా ఎప్పుడొస్తామో!

పోనీ శాస్త్రం మాటేమిటి? ఆడపిల్ల పేరు ఎలా ఉండాలో మనుస్మృతి రెండో అధ్యాయంలో చెప్పారు. తేలిగ్గా పలకాలి, కటువుగా ఉండకూడదు, అర్థం తేటగా తెలియాలి, మనసుకి నచ్చాలి, మంగళకరంగా ఉండాలి, దీవెనలా వినిపించాలి. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. మూడో అధ్యాయానికొచ్చేసరికి మరో మాట ఉంది. పెళ్ళి చేసుకోకూడని పిల్లల జాబితా అది. నక్షత్రం పేరు, చెట్టు పేరు, నది పేరు, కొండ పేరు, పక్షి పేరు, పాము పేరు ఉన్న పిల్లని చేసుకోవద్దన్నారు!

ఆ లెక్కన చూడండి. రోహిణి, రేవతి, స్వాతి, అశ్విని నక్షత్రాలు. గంగ, గోదావరి, కావేరి, యమున నదులు. తులసి ఉండనే ఉంది. శిరీష సాక్షాత్తూ చెట్టు పేరు. వీళ్ళెవరికీ పెళ్ళిళ్ళు కాకూడదు. కానీ మన ఇళ్ళల్లో ఈ పేర్లున్న అత్తగార్లూ వదినలూ ఎంతమంది లేరు! గోదావరి ఒడ్డున పుట్టిన పిల్లకి గోదావరి అని పేరు పెట్టుకున్న తల్లి మనువుని అడిగి పెట్టలేదు. పేర్ల విషయంలో ఆడవాళ్ళు శాస్త్రానికి ఎదురు చెప్పలేదు. విననట్టు ఊరుకుని తమకి నచ్చింది పెట్టేసుకున్నారు, అంతే. ఎదిరించడం కంటే ఇది బాగా పనిచేసిందనే నా నమ్మకం.

సరే, ఇప్పుడు సుకుమారం సంగతి. శిరీషానికి ఈ కీర్తి తెచ్చిపెట్టిన వాళ్ళలో మొదట చెప్పుకోవలసిన కవి కాళిదాసు. ఆయన రాసింది విడి విడి ముక్కలుగా కాకుండా, ఏ మాట ఎవరి నోట, ఏ సమయంలో వచ్చిందో చూసి చదివితే, పేర్ల పుస్తకం చెప్పే శిరీష వేరు, కాళిదాసు చూపించే శిరీష వేరు అని తెలుస్తుంది.

అభిజ్ఞాన శాకుంతలం తీసుకోండి. నాటకం మొదలవబోతుండగా, సూత్రధారుడి కోరిక మీద నటి వేసవిని గురించి ఒక పాట పాడుతుంది. తుమ్మెదలు అంటీ అంటకుండా వాలిన శిరీష పూలని పడుచులు చెవులకి పెట్టుకుంటున్నారని ఆ పాట భావం. అందులో ఒక మాట దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. ఆ పడుచులు పువ్వుల్ని దయగా తీసుకుంటున్నారుట. పువ్వు నలిగిపోతుందేమోనని చెయ్యి జాగ్రత్త పడుతోంది. గమనించారా? ఇక్కడ ఆడది పువ్వు కాదు. పువ్వుకి నొప్పి కలగకుండా చూసుకునే మనిషి.

తర్వాత మొదటి అంకంలో శకుంతల ఆశ్రమంలో మొక్కలకి నీళ్ళు పోస్తూ ఉంటుంది. దుష్యంతుడు ఆమె అలసటని గమనిస్తాడు. కుండలు ఎత్తి ఎత్తి భుజాలు వాలాయి, అరచేతులు ఎర్రబడ్డాయి, ఊపిరి బరువుగా వస్తోంది. ముఖాన పట్టిన చెమటకి చెవినున్న శిరీషం చెంపకి అంటుకుపోయింది. రాజుగారికి అది అందంగా కనిపించింది, ప్రేమలో పడబోయేవాడికి ఏదైనా అందమే. మనం చూడవలసింది వేరే ఉంది. ఆ పువ్వు పెట్టుకున్న పిల్ల నీళ్ళకుండలు ఎత్తుతోంది! ‘నువ్వొద్దులే, శిరీషవి గదా’ అని బిందె లాక్కునేవాళ్ళు ఈ ఒక్క శ్లోకం చదివి ఉంటే ఎంత బాగుండేది!

ఆరో అంకంలో మరో చోట వస్తుంది. అప్పటికి దుష్యంతుడు శాపవశాన శకుంతలని మరిచిపోవడం, నిండు సభలో కాదనడం, ఉంగరం దొరికాక అంతా గుర్తుకు రావడం అన్నీ అయిపోయాయి. కూచుని ఆమె బొమ్మ వేసుకుంటున్నాడు. బొమ్మలో ఇంకా ఏం వెయ్యాలో విదూషకుడికి చెబుతూ, చెవికి తగిలించిన శిరీషం ఇంకా వెయ్యలేదంటాడు. దాని కేసరాలు చెంపల దాకా వేలాడుతుండాలంటాడు. మనిషినే మరిచిపోయినవాడికి ఇప్పుడు చెవి దగ్గరి పువ్వులో పోగులతో సహా గుర్తుకొచ్చాయి. కాళిదాసు ఇక్కడ శిరీషాన్ని సుకుమారానికి వాడలేదు. గుర్తుకి వాడాడు. ఉంగరం రాజుకి తన పెళ్ళిని గుర్తు చేసింది. పువ్వు ఆ మనిషిని గుర్తు చేసింది. రెండూ ఒకటి కాదని పెళ్ళయిన ఆడవాళ్ళకి వేరే చెప్పాలా?

రఘువంశంలో ఇంకో తమాషా ఉంది. పదహారో సర్గలో ఆడవాళ్ళు నదిలో జలక్రీడలాడుతుంటే, చెవుల్లోంచి జారిన శిరీష పూలు ప్రవాహంలో తేలిపోతుంటాయి. అవి నాచు అనుకుని చేపలు మోసపోతాయి. పోగులు పోగులుగా, ఆకుపచ్చని ఛాయతో ఉండే ఆ పువ్వుని ఎంత దగ్గరగా చూసి ఉంటే తోస్తుంది ఆ పోలిక! చెట్టుని చూసి రాసిన కవికీ, పేర్ల పుస్తకం చూసి రాసే మనకీ అదే తేడా.

ఇక అసలు చోటు కుమారసంభవం. ఈ పేరుకి ‘సుకుమారి’ అన్న అర్థం స్థిరపడిపోవడానికి దీన్ని మించిన మూలం లేదు. మొదటి సర్గలో పార్వతి చేతులు శిరీషం కంటే మెత్తనివని కవి అంటాడు. అని ఊరుకోడు, ఆ మెత్తని చేతులే శివుడి మెడకి పాశాలయ్యాయని కూడా అదే శ్లోకంలో చెబుతాడు. మనం మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేస్తాం.

అయిదో సర్గ దగ్గరికి వద్దాం. శివుడు మన్మథుణ్ణి బూడిద చేసేశాడు. అందం పనికిరాలేదని పార్వతికి తెలిసింది. తపస్సు చేస్తానంది. తల్లి మేనాదేవి గుండె పగిలింది. కూతుర్ని దగ్గరికి తీసుకుని బతిమాలింది. మనసుకి నచ్చిన దేవతలు ఇంట్లోనే ఉన్నారు గదా, తపస్సెక్కడ, నీ ఒళ్ళెక్కడ అంది. మెత్తని శిరీషం తుమ్మెద కాలు మోపితే ఓర్చుకుంటుంది గానీ పక్షి వాలితే ఓర్చుకోగలదా అంది.

అదీ సంగతి. శిరీషం సుకుమారం అన్న ప్రసిద్ధ వాక్యం కవి తీర్పు కాదు. ఒక తల్లి భయం. కూతుర్ని గడప దాటనివ్వకూడదని తల్లి వేసిన అడ్డుపుల్ల. అన్నది ఎవరన్నది వదిలేసి, అన్నమాటని మాత్రం ఎత్తుకొచ్చి అర్థమని రాసేస్తే ఎలా?

ఆ తల్లిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. హాస్టలుకి పంపేముందు పెట్టె సర్దుతూ మనం అన్న మాటలకీ మేనాదేవి మాటలకీ ఏమంత తేడా? ‘అక్కడ నీకు ఎవరు చేసిపెడతారే, నీకు చన్నీళ్ళు పడవు, నువ్వు తట్టుకోలేవు’ అంటాం. తట్టుకోలేనిది ఎవరో మనకీ తెలుసు, వాళ్ళకీ తెలుసు.

ఆ వెంటనే కవి ఏమంటాడో చూడండి. మనసు గట్టిపడినదాన్నీ, పల్లానికి పారే నీటినీ ఎవరు వెనక్కి తిప్పగలరంటాడు. పార్వతి వెళ్ళింది. నారచీర కట్టింది, జడలు కట్టించుకుంది. కటిక నేల మీద చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంది. ఎండాకాలం చుట్టూ అగ్నులు పెట్టుకుని సూర్యుణ్ణి చూస్తూ నిలబడింది. చలికాలం రాత్రుళ్ళు నీళ్ళల్లో గడిపింది. ఓ పదిహేను శ్లోకాలు దాటాక కాళిదాసు తల్లి మాటకి నెమ్మదిగా జవాబిస్తాడు. ఈమె శరీరం బంగారు తామరలతో చేసినదై ఉండాలి, స్వభావానికి మెత్తన, సారానికి గట్టి అని. శిరీషం అని తల్లి అంది. కవి మాత్రం పోలిక మార్చేశాడు. మెత్తదనం ఉంచాడు, బలహీనత తీసేశాడు. ‘శిరీష’ పేరు మీద వ్యాఖ్యానం రాయమంటే నేను ఈ రెండు శ్లోకాల్నీ పక్కపక్కన పెట్టి ఊరుకుంటాను.

ఇంకో విశేషం కూడా ఉంది. పార్వతికి ఉన్న పేర్లలో రెండు ఈ కథలోవే. తల్లి ‘వద్దమ్మా’ అన్న అర్థంలో ‘ఉ మా’ అని వారించింది గనక ఉమ అయిందంటాడు కాళిదాసు. రాలిన ఆకులు కూడా తినడం మానేసింది గనక అపర్ణ అయింది. పర్ణమంటే ఆకు. ఒక పేరు తల్లి వద్దన్న మాటలోంచి వచ్చింది. రెండోది కూతురు చేసి చూపించిన పనిలోంచి వచ్చింది. ఈ రెండు పేర్లనీ మనం కళ్ళకద్దుకుని పిల్లలకి పెట్టుకుంటున్నాం. బహుశా ప్రతి ఆడపిల్లకీ రెండు పేర్లుంటాయి కాబోలు. ఒకటి బియ్యంలో రాసింది, ఒకటి తను రాసుకునేది.

పుస్తకాలు పక్కన పెట్టి చెట్టు దగ్గరికి వద్దాం. దిరిసెన ఎక్కడో హిమాలయాల్లో ఉండే చెట్టు కాదు. మన రోడ్ల పక్కనా, పొలం గట్ల మీదా ఉంటుంది. చలికాలంలో ఆకులన్నీ రాల్చేస్తుంది. వేసవి మొదట్లో చిగురేస్తుంది, ఏప్రిల్, మే నెలల్లో పూస్తుంది. పువ్వంటే మందారంలా రేకులు విప్పిన పువ్వు కాదు. రేకులు కంటికి ఆనవు. కనిపించేవన్నీ సన్నని కేసరాలే, లేత పసుపూ ఆకుపచ్చా కలిసిన తెలుపులో, పట్టుకుచ్చులా. మంచి వాసన. సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడుచుకుంటాయి. నిద్రగన్నేరు ఆకులూ అలాగే ముడుచుకుంటాయి గనక ఇదీ అదీ ఒకటే అనుకునేవాళ్ళున్నారు. నిద్రగన్నేరు పూలకి గులాబీ ఛాయ ఉంటుంది. అది అమెరికా ఖండంనుంచి వచ్చిన చెట్టు. దిరిసెన మన చెట్టే.

ఈ సుకుమారి కొమ్మ మీద పుడుతుంది గానీ ఆ చెట్టు మాత్రం సుకుమారి కాదు. వర్షం తక్కువైనా నిలబడుతుంది. చిక్కుడు, కంది జాతికి చెందింది గనక వేళ్ళతో భూమికి నత్రజని అందిస్తుంది. ఆకు పశువులకి మేత. కర్ర గట్టిది, సామాన్లకీ బండి చక్రాలకీ వాడతారు. ఆయుర్వేదంలో అయితే దీని స్థానం మరీ గొప్పది. విషాన్ని విరిచే వాటిలో శిరీషం శ్రేష్ఠమని చరక సంహిత చెబుతుంది. పక్షి కాలికి ఓర్వదన్న చెట్టు విషానికి విరుగుడు! గౌతముడికంటే ముందటి బుద్ధుల్లో ఒకరైన కకుసంధుడికి బోధివృక్షం శిరీషమేనని పాళీ గ్రంథాల మాట. పేర్ల పుస్తకంలో ‘విషహారిణి’ అనో, ‘జ్ఞానమిచ్చే నీడ’ అనో రాసి ఉంటే ఆ పిల్లల పెంపకం ఎలా ఉండేదో గదా అనిపిస్తుంది.

పేరు పెట్టే అలవాటు మనకొక్కళ్ళకే లేదు. స్వీడన్ దేశపు లిన్నేయస్ 1753లో ఈ చెట్టుకి ‘మిమోసా లెబ్బెక్’ అని శాస్త్రనామం పెట్టాడు. తర్వాత దాన్ని ‘ఆల్బిజియా’ జాతిలోకి మార్చారు. ఆల్బిజ్జి అనేది ఇటలీలోని ఫ్లారెన్సు నగరపు ఓ కులీనుల ఇంటిపేరు. ఆ ఇంటి పెద్దమనిషి ఒకాయన ఈ జాతి చెట్టునొకదాన్ని 18వ శతాబ్దంలో ఐరోపాకి తెప్పించాడని ఆ గౌరవం. పెళ్ళయితే ఇంటిపేరు మారేది ఆడపిల్లలకే అనుకుంటాం గానీ చెట్లకీ తప్పలేదన్నమాట.

అన్నిటికంటే రుచికరమైన పేరు వెస్టిండీస్ దీవుల్లో ఉంది. దిరిసెన కాయలు బల్లపరుపుగా, జానెడు పొడవున, ఎండుగడ్డి రంగులో ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి రాలకుండా చెట్టునే పట్టుకుని ఉంటాయి. గాలి వీస్తే లోపలి గింజలు కదిలి చెట్టంతా గలగలలాడుతుంది. ఆ చప్పుడు విని అక్కడి ఇంగ్లీషువాళ్ళు దీనికి ‘ఆడదాని నాలుక’ అని పేరు పెట్టారు! పెట్టింది మగవాళ్ళేనని ప్రత్యేకం చెప్పక్కర్లేదు.

నవ్వొస్తుంది నిజమే. కానీ రెండు పేర్లూ పక్కన పెట్టి చూడండి. ఒకే చెట్టు. పూసినప్పుడు చూసినవాళ్ళు ఆడదాని ఒళ్ళు అన్నారు. కాసినప్పుడు విన్నవాళ్ళు ఆడదాని నోరు అన్నారు. పూస్తే సుకుమారి, కాస్తే వాగుడుకాయ! మెత్తగా ఉన్నంతసేపూ మెచ్చుకోలు, నోరు విప్పితే వెక్కిరింత. సముద్రాలకి అటొకరు, ఇటొకరు, ఒకరినొకరు ఎరగని వాళ్ళు, ఇద్దరికీ చెట్టుని చూస్తే ఆడదే గుర్తొచ్చింది. చెట్టుని చెట్టుగా చూసింది ఒక్క వైద్యుడే కాబోలు.

ఆడపిల్లకి పువ్వు పేరు పెట్టడమే తప్పని వాదించేవాళ్ళు ఇప్పుడున్నారు. ఝాన్సీ అనో, దుర్గ అనో పెట్టాలిట, పిల్ల గట్టిగా ఉండడానికి. నాకు ఆ మాట రుచించదు. మెత్తగా ఉండడం నేరమేం కాదు. ఝాన్సీ అని పేరున్న పిల్ల భయపడి ఏడిస్తే, ‘ఆ పేరు పెట్టుకుని ఏడుస్తావా’ అంటారు. శిరీష అని పేరున్న పిల్ల ధైర్యం చేస్తే, ‘ఆ పేరు పెట్టుకుని ఇదేం పనే’ అంటారు. పిల్ల చేసే ప్రతి పనికీ పేరుని కొలబద్దగా పెట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. పేరు పిలవడానికి. కొలవడానికి కాదు.

2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ వాళ్ళ వ్యోమనౌక భూమికి 80 కిలోమీటర్ల కంటే పైకి వెళ్ళి క్షేమంగా దిగింది. అందులో వెళ్ళినవాళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన ఇంజనీరు బండ్ల శిరీష ఒకరు. ఆ వార్త చూడగానే నాకు మేనాదేవి గుర్తొచ్చింది. పక్షి వాలితే తట్టుకోలేదన్నావు గదమ్మా, ఏ పక్షీ ఎగరలేనంత ఎత్తుకి వెళ్ళొచ్చింది చూశావా అనుకున్నాను. ఆ మాట కొంచెం గర్వంగానే అనుకున్నానని ఒప్పుకుంటాను. అయితే ఆకాశం దాకా వెళ్ళిన శిరీషే పేరు నిలబెట్టిందనీ, మిగతావాళ్ళు నిలబెట్టలేదనీ అనను. పొద్దున్నే డబ్బాలు సర్ది, బస్సు పట్టుకుని, సాయంత్రం తిరిగొచ్చి పిల్లల చేత ఎక్కాలు చెప్పించే శిరీషలు ఎంతమంది లేరు? వాళ్ళ మీద రోజూ ఎన్ని పక్షులు వాలుతున్నాయో ఎవరు లెక్కపెట్టారు?

అంచేత పేర్ల పుస్తకాలు అచ్చువేసేవారికి నా మనవి ఒకటి. వచ్చే కూర్పులో ఈ పేరుకి ఇంకో వాక్యం జాగా ఇవ్వండి. ‘శిరీష: దిరిసెన చెట్టు, దాని పువ్వు. పువ్వు మెత్తన, చేవ గట్టి, విషానికి విరుగుడు.’ ఇంత రాస్తే చాలు. కాగితం ఖర్చు పెద్దగా పెరగదు.

తల్లులకి కూడా ఒక మాట. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో శిరీష ఉంటే వచ్చే వేసవిలో ఆ పిల్లని ఓసారి దిరిసెన చెట్టు దగ్గరికి తీసుకెళ్ళండి. పొద్దు వాలే వేళకి వెళ్తే వాసన బాగా తెలుస్తుంది. రాలిన పువ్వొకటి ఏరి చేతిలో పెట్టండి, మెత్తదనం తెలుస్తుంది. ఆ తర్వాత చెట్టు మొదలు మీద చెయ్యి వేయించండి. బెరడు గరుగ్గా, పగుళ్ళు పగుళ్ళుగా ఉంటుంది. ఇదీ నువ్వే, అదీ నువ్వే అని చెప్పండి.